తోలు రుద్దే చెక్క

నల్లచెరువు దగ్గర ఒక మాదిగవాడలో పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద ఒక చెక్క పనిముట్టు దొరికింది. జానెడు పొడవు. ఒక కొన చేతికి ఇమిడే పిడి. రెండో కొన వెడల్పుగా, పలుచగా ఉంది గానీ పదును లేదు. ఫోటో పంపింది మా విద్యార్థి. అప్పటికే వాట్సాప్‌లో తీర్పులొచ్చేశాయి: సంగటి తెడ్డు, మగ్గం సామాను, పూజా వస్తువు. ఒకాయనైతే ‘యాంటిక్, మంచి రేటొస్తుంది’ అన్నాడు. ఆ ఇల్లు ఏ వాడలో ఉందో తెలిసినవాళ్లు కూడా తోలు అన్న మాట ఎత్తలేదు. ఎందుకెత్తలేదో మనకు తెలుసు.

సరే, ముందు వస్తువును చూద్దాం. కత్తిగాట్లు లేవు, కాబట్టి దీని మీద తోలు కోయలేదు. సొట్టలు లేవు, కాబట్టి గూటం కాదు. పలుచటి అంచు మాత్రం ఒకవైపే ఎక్కువ అరిగి నున్నగా తేలింది. పిడి దగ్గర ఇనుప మేకు చుట్టూ నల్లటి మరక. తంగేడు బెరడు ఊరిన నీళ్లలోని ఒగరు ఇనుముకు తగిలితే నలుపెక్కుతుంది. ఆ మరకొక్కటే సాక్ష్యం కాదు. తుమ్మ కొయ్యలోనే ఒగరుంటుంది, వట్టి తడికి కూడా మేకు చుట్టూ నల్లబడుతుంది. అంచు అరుగుదల, మరక, దొరికిన ఇల్లు మూడూ కలిపి చదవాలి. సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, లందలో తంగేడు బెరడుతో ఊరబెట్టిన తోలును బండ మీద పరిచి, నీళ్లనూ ముడతలనూ బయటికి తోసే పనిముట్టు ఇది. పదునుంటే తోలు తెగుతుంది, అందుకే మొద్దు అంచు. తోలు పని ఉన్న దేశాల్లో చెక్కతోనో రాయితోనో గాజుతోనో చేసిన ఇలాంటిదే ఒకటి కనిపిస్తుంది.

‘మీ అవ్వను అడుగు’ అన్నాను. ఆమె ఫోటో చూసి, “దానికి వేరే పేరేముంది నాయనా, తోలు రుద్దే చెక్క. కపిల తొండానికి మీ అబ్బ దీంతోనే తోలు సాపు చేస్తాండె” అందట. ఆ వెంటనే, “ఊళ్లో మాత్రం చెప్పొద్దురా” అని కూడా అందట.

కపిల చూడని పిల్లల కోసం ఒక మాట. మోటార్లు రాకముందు బావి నీళ్లను ఎద్దులు లాగేవి. బాన కింద తోలు తొండం ఉండేది, నీళ్లను కాలువలోకి వదిలేది అదే. ఈ కరువు సీమలో బావి కింద పండిన ప్రతి మడిలో ఆ తోలు పని ఉంది. మడి ఎవరిదో, తొండం కుట్టిన చేతికి ఎన్ని గింజలు కొలిచారో వేరే చెప్పాలా?

నేను తెలుగులో డాక్టరేట్ చేశాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలతో 1962లో, చేనేత పదాలతో 1971లో వచ్చింది. గొప్ప పని, నేటికీ పాఠంలో వాడతాను. కానీ ఆరె, రంపె, లంద అనే మాటలు నాకు ఏ తరగతిలోనూ వినపడలేదు, వాడలోనే విన్నాను. కంచ ఐలయ్య 2009లో ‘పోస్ట్ హిందూ ఇండియా’లో మాదిగలను సబాల్టర్న్ సైంటిస్టులన్నారు. అతిశయోక్తి అన్నవాళ్లు ఒక్కసారి ఆ మేకు చుట్టూ ఉన్న నలుపు చూడండి.

ఇదే జిల్లాలో, ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో, తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రావాల్సిందే, ఆలస్యంగా వచ్చింది. తోలు మీద రాముడి బొమ్మ గీస్తే కళ. అదే తోలు పొలానికి నీళ్లు తోడితే దాచుకోవాల్సిన సంగతి. ఆ తేడా తోలులో లేదు.

ఈ పనిముట్టు ఎప్పుడైనా మ్యూజియంకెక్కితే చీటీ మీద ‘గ్రామీణ హస్తకళ’ అని రాసి చేతులు దులుపుకోవద్దు. ఏ పని, ఏ కులం, కూలి ఎంత, అవ్వ ఎందుకు చెప్పొద్దందో అవన్నీ రాయాలి, అదీ ఆమె ఒప్పుకుంటేనే. ఈలోపు మీ ఇళ్ల అటకలు చూడండి. ఏదైనా దొరికితే అమ్మకండి, కడగకండి, ఆ మరకలు ఉండనివ్వండి. లంద గురించి వచ్చే భాగంలో.