చరిత్ర పాఠంలో మన పిల్లల చోటు

ఆటోనగర్ షెడ్లలో ఇంజన్లు విప్పి బిగించే మన సోదరులు రోజంతా శ్రమించేది పిల్లల చదువు కోసమే. ఆ పిల్లలు తరగతిలో వినే చరిత్ర వారిని ఈ నేల బిడ్డలుగా చూపుతున్నదా, పరాయివారిగా చూపుతున్నదా అని అడిగే హక్కు మనకున్నది.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి చరిత్ర పుస్తకం నుంచి మొఘల్ దర్బారుల అధ్యాయాన్ని తొలగించింది. పిల్లలపై భారం తగ్గించడానికేనన్నది. 2025 నాటి ఎనిమిదో తరగతి కొత్త పుస్తకం మొఘలుల కాలపు హింసను, ఆలయాల విధ్వంసాన్ని ప్రముఖంగా చెప్పింది. గతానికి నేటివారు బాధ్యులు కారన్న గమనికనూ చేర్చింది. ఆ గమనికను మేము స్వాగతిస్తున్నాము. కాని అటువంటి గమనిక అవసరమయ్యేలా పాఠం ఎందుకు తయారైంది? మన రాష్ట్ర ఉన్నత పాఠశాలలూ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల బాట పట్టాయి. ఇది ఢిల్లీ వ్యవహారమని ఊరుకోలేము.

క్రూరత్వాన్ని దాచమని మేము కోరడం లేదు. రాజ్యం కోసం జరిగిన యుద్ధాన్ని మతయుద్ధంగా బోధించవద్దంటున్నాము. అందుకు సాక్ష్యం బెజవాడలోనే ఉన్నది. ఇంద్రకీలాద్రి దిగువనున్న గుహలను ప్రజలు అక్కన్న మాదన్న గుహలంటారు. ఆ సోదరులు గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో ఉన్నతాధికారులు, మాదన్న ప్రధానమంత్రి. 1687లో ఆ గోల్కొండను కూల్చినవాడు ఔరంగజేబు. దాడి చేసిన చక్రవర్తి ముస్లిం, ఓడిన సుల్తాను ముస్లిం, సుల్తాను నమ్ముకున్న మంత్రి బ్రాహ్మణుడు. ఈ చరిత్ర హిందూ ముస్లిం పోరు అన్న చట్రంలో ఎలా ఇముడుతుంది?

కూచిపూడిని నాట్యకారుల కుటుంబాలకు తానీషాయే ఇచ్చాడన్నది కృష్ణా తీరంలో తరతరాల మాట. అంతకు శతాబ్దం ముందే ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు.

ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని కాపాడుకోవడం పౌరులందరి విధి అని రాజ్యాంగంలోని 51ఏ అధికరణం చెబుతున్నది. తల్లిదండ్రులు ముందుగా పిల్లల సాంఘికశాస్త్రం పుస్తకం తెరిచి చదవాలి. సందేహాలను ఉపాధ్యాయుల ముందు మర్యాదగా ఉంచాలి. కొండపల్లి కోటను, అక్కన్న మాదన్న గుహలను అన్ని మతాల పిల్లలకూ కలిపి చూపించాలని పాఠశాల తల్లిదండ్రుల కమిటీలలో కోరాలి. స్థానిక చరిత్రను పాఠాల్లో చేర్చాలని విద్యాశాఖకు లేఖలు రాయాలి.

మేము అడుగుతున్నది పొగడ్త కాదు, పూర్తి పాఠం. అది మన పిల్లలకు ఎంత అవసరమో, వారి పక్క బెంచీలో కూర్చున్న పిల్లలకూ అంతే అవసరం.