పాత ఇంగ్లీషు మోటారు: కొనుట యొకటి, పోషించుట యొకటి



ఇంటికి వచ్చు వస్తువులు రెండు తెగలు. మనకు పనిచేసి పెట్టునవి కొన్ని. మనచేత పని చేయించుకొనునవి కొన్ని. రుబ్బురోలు మొదటి తెగలోనిది. పాడియావు రెండు తెగలకును చెందినది. పాత ఇంగ్లీషు స్పోర్ట్సు కారు మాత్రము రెండవ తెగలోనిదే. ఆ మాట ముందుగా నొప్పుకొని, పిమ్మట దాని సొగసును గూర్చి మాటాడుకొనుట క్షేమము.

ఈ శీర్షికకు వచ్చిన జాబులలో నొకటి నన్నీ విషయమును వ్రాయుటకు పురికొల్పినది. వ్రాసిన సోదరి పేరును, ఊరును తెలుపను. ఆమె భర్త ఉద్యోగి. హైదరాబాదున నొకరియొద్ద, ఇద్దరు మాత్రమే కూర్చుండదగినదియు, పైకప్పు మడిచి వెనుకకు త్రోయదగినదియు నగు పాత ఇంగ్లీషు బండి అమ్మకమునకు వచ్చినదట. చిన్ననాడు సినిమాలో చూచిన నాటినుండియు ఆయన మనసు అట్టి బండిపైననే యున్నదట. ఇంటనున్న రొక్కము చాలదు. కుమార్తె పైచదువునకై బ్యాంకులో దాచిన సొమ్ము కలదు. “ఏడాదిలో మరల నింపెదను” అని ఆయన యనుచున్నారు. “కాదన్నచో ఆయన చిరకాలపు కోరికను త్రుంచినదాన నగుదును. ఔనన్నచో బిడ్డకు ద్రోహము చేసినదాన నగుదును. ఏమి చేయుదును?” అని ఆమె యడుగుచున్నది.

ముందు వస్తువును తెలిసికొందము. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పట్టణమున విలియం మోరిస్ స్థాపించిన మోటారు దుకాణమునకు మోరిస్ గరాజెస్ అని పేరు. ఆ రెండు మాటల తొలి యక్షరములే ఎం.జి. అచటి మేనేజరైన సెసిల్ కింబర్, సామాన్యమైన మోరిస్ బండ్లకు తేలికయైన తొడుగు వేయించి, చూపునకు ముచ్చటగను, వేగముగను పోవు బండ్లను చేయించెను. 1929లో కర్మాగారము అబింగ్డనునకు మారినది. 1945 నుండి 1949 వరకు వెలువడిన టి.సి. అను నమూనా సుమారు 10,000. 1962 నుండి 1980 వరకు వెలువడిన ఎం.జి.బి. 5,00,000లకు మించినవి. వీని పేరు గొప్పదైనను, గుండె మాత్రము సంసారుల బండిదే. గృహస్థుని బండి యంత్రమునకు కొంత చుఱుకుతనము నేర్పి, తేలిక దేహమును తొడిగిన రథములివి.

ఈ బాంధవ్యమునకు మన దేశముననే నిదర్శనము కలదు. 1959లో కవెంట్రీ పట్టణపు స్టాండర్డు ట్రయంఫ్ సంస్థవారు హెరాల్డు అను చిన్న బండిని తెచ్చిరి. దాని రూపమును గీచినవాడు ఇటలీ దేశస్థుడైన మికెలొట్టి. 1961 మొదలు మద్రాసులో స్టాండర్డు హెరాల్డు పేర ఆ బండియే తయారైనది. ఆ దశాబ్దమున మన రోడ్లపై అంబాసిడరు, ఫియట్, హెరాల్డు అను మూడే ప్రధానముగ కానవచ్చెడివి. 1962లో ఇంగ్లండున ఆ హెరాల్డు చట్రమునే కురుచ చేసి, ఇద్దరు కూర్చుండు తొడుగు వేసి, స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్సు కారును చేసిరి. ముందుభాగమంతయు దీపములతో సహా ఒక్క మూతవలె పైకి లేచుట రెండింటను కలదు. కావున మద్రాసు హెరాల్డు ఇంగ్లీషు స్పోర్ట్సు కారునకు పెదతల్లి కూతురన్నమాట. ఈ చుట్టరికము ముందు పనికివచ్చును గనుక జ్ఞాపకముంచుకొనుడు.

ఇక పోషణ మాట. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసున పసుపుపచ్చని రోల్సు రాయిసు బండి యొకటి ప్రదర్శింపబడుచున్నది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానిని చేయుడని చెప్పి, అది రాకమునుపే 1911లో గతించెను. కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున అది వచ్చి చేరినది. లోపల సింహాసనమువంటి పీఠము. ఉత్సవములందు తప్ప బయలుదేరెడిది కాదు. నిజామునకు మోటారుశాలయు, తుడుచువారును, నూనె పోయువారును, తోలువారును వేరువేరుగ నుండిరి. మన యిండ్లలో ఆ కొలువంతయు భార్యాభర్తల నాలుగు చేతులే. కొనునప్పుడు బండి వెలను లెక్కించెదము గాని యీ చేతుల పనిని లెక్కింపము.

కొనుటకు పోవునప్పుడు మహాభారతములోని నలుని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. బాహుకుడను పేర ఋతుపర్ణునియొద్ద నున్న నలుడు, ఒక్క దినమున విదర్భకు చేరవలసి వచ్చినప్పుడు, బక్కచిక్కినట్లు కనబడు గుఱ్ఱములను ఏరి రథమునకు కట్టెను. రాజు చూచి కోపగించుకొనెను. నలుడు చూచినది కండ కాదు, లక్షణము. పాత బండి విషయమునను అంతే. క్రొత్తరంగు తళతళలాడు బండి లోపల తుప్పుపట్టి యుండవచ్చును; వెలిసిన రంగు గల బండి లోపల గట్టిగ నుండవచ్చును. మెత్తని గుడ్డలో చుట్టిన అయస్కాంతపు ముక్కను వెంట తీసికొనిపోయి తలుపుల యడుగునను, చక్రముల చుట్టును ఆనించి చూడుడు. ఇనుమున్నచోట అంటుకొనును, తుప్పును పూడ్చి లప్పము మెత్తినచోట జారిపోవును. తలుపు తెఱచినప్పుడు క్రిందికి వ్రాలినచో దేహము బలహీనమైనదని యనుమానింపుడు. టి.సి. వంటి బండ్లలో ఇనుపరేకు క్రింద కొయ్య చట్రముండును. చెదపురుగు, నాలుగు నెలల వాన గల మన ప్రాంతమున కొయ్య సంగతి చెప్పవలెనా?

తరువాత కాగితములు. చట్రముపై చెక్కిన అంకెయు, యంత్రముపై చెక్కిన అంకెయు, రిజిస్ట్రేషను పత్రములోని అంకెలతో సరిపోవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి పేరు మార్పును గడువులోపల తెలియజేయవలెను. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. ఆపైన తనిఖీ చేయించి, అయిదేసి యేండ్లకు పొడిగించుకొనుచుండవలెను. 50 ఏండ్లు దాటి మూలరూపము చెడకున్న బండ్లకు 2021లో కేంద్రప్రభుత్వము వేరు నియమములు చేసినది. అట్టి బండికి నంబరు పలకపై వి.ఏ. అను అక్షరములుండును. క్రొత్తగ నమోదు చేయుటకు రుసుము రూ. 20,000, గడువు 10 ఏండ్లు, పిమ్మట మరల నమోదునకు రూ. 5,000 అని ఆ నియమములు చెప్పినవి. ఇందులో నొక మెలిక కలదు. ఆ పలక గల బండిని నిత్యావసరములకు నడపరాదు. ప్రదర్శనమునకో, పాతబండ్ల ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలు పోయించుటకో మాత్రమే రోడ్డెక్కవలెను. “బడికి, అంగడికి ఇందులోనే పోవుదము” అను మగవారి మాటను ఈ నియమముతో సరిపోల్చి చూచుకొనుడు.

ఇంటికి వచ్చిన తరువాత మొదటి యాపద మంచి మెకానిక్కు చేతనే రావచ్చును. మా ఉట్నూరులో ట్రాక్టరును, జీపును కన్నులు మూసికొని విప్పి బిగించు నేర్పరులు కలరు. కాని 1960 దశకపు నడుమ వరకు వచ్చిన పెక్కు ఇంగ్లీషు బండ్లలో బ్యాటరీ ధనధ్రువము చట్రమునకు కలుపబడియుండును. నేటి బండ్లలో ఋణధ్రువము. అలవాటు ప్రకారము బిగించినచో విద్యుత్పరికరములు కాలిపోవును. మరలు మిల్లీమీటరు కొలతలవి కావు, అంగుళపు కొలతలవి. నేటి పానాను వానికి తగిలించి త్రిప్పినచో అంచులరిగి, మర యిక ఊడిరాదు. తగిన పానాలను బండితోపాటు కొనుట, బ్యాటరీపై తెలుగున పెద్ద యక్షరములతో చీటీ యతికించుట ఇల్లాలు చేయదగిన పనులు. నేటి పెట్రోలులో కలియుచున్న ఇథనాలు పాత రబ్బరు గొట్టములను మెత్తబరచి పగుల్చును. పెట్రోలు కారుట నిప్పుతో సమానము గావున ఆ గొట్టములను మొదటనే మార్పింపవలెను.

ప్రాణముతో కూడిన సంగతులు మూడు. హెరాల్డు, స్పిట్‌ఫైరు ముందు చక్రముల యొద్ద, క్రిందిభాగమున, ట్రనియన్ అను కంచు తొడుగుండును. దానికి ఎక్కింపవలసినది గేరుపెట్టెలో పోయు చిక్కని నూనె, గ్రీజు కాదు. నూనె యందక యెండిపోయినచో లోపలి మర తెగి, నడుచుచున్న బండి చక్రము ప్రక్కకు వ్రాలును. రెండవది, వాని వెనుక యిరుసు నిర్మాణము. మలుపులో వేగముగ పోవుచు దిగ్గున వేగము తగ్గించినచో వెనుక చక్రము లోనికి ముడుచుకొని బండి తిరుగబడవచ్చును. ఉట్నూరు నుండి జైనూరు మీదుగా ఆసిఫాబాదునకు పోవువారు కెరమెరి ఘాటు మలుపులను తలచుకొన్నచో ఈ మాట బరువు తెలియును. మలుపునకు ముందే వేగము తగ్గించి, మలుపులో నిలకడగ పోవుట దీనికి విరుగుడు. మూడవది బ్రేకులు. ఆ కాలపు బండ్లలో నాలుగు చక్రముల బ్రేకులకును నూనె త్రోవ ఒక్కటే. ఒక్కచోట కారినచో నాలుగును పోవును. పిల్లల నెక్కించుకొను ముందు, బ్రేకునూనె తగ్గినదేమో చూచుట పొయ్యి వెలిగించు ముందు గ్యాసు వాసన చూచుటవంటిది.

విడిభాగములు దొరకవేమో యని భయపడువారికి కొంత యూరట కలదు. ఎం.జి.బి. వంటి బండ్లకు ఇంగ్లండున నేటికిని భాగములు చేయుచున్నారు. పూర్తి దేహపు తొడుగునే 1988 నుండి పాత అచ్చులతో మరల చేసి యమ్ముచున్నారు. కాని ఓడ కూలియు, సుంకమును కలిసిన వెల వేరు. గుజరాతులోని హాలోలున 2019 నుండి తయారగుచున్న ఎం.జి. బండ్ల భాగములు వీనికి పనికిరావు. పేరొక్కటే, వంశము వేరు.

ఇక నా సలహా. బిడ్డ చదువునకు దాచిన సొమ్ము ముట్టరాదు. ఆ సొమ్మునకు గడువు కలదు. కోరికకు గడువు లేదు. కాలేజీ జులైలో పిలిచినప్పుడు, “మా కారు ముందుచక్రము ఓడలో వచ్చుచున్నది, సెప్టెంబరు వరకు ఆగుడు” అని చెప్పలేము గదా! ఈ మాటను తగవుగా కాక, లెక్కగా చెప్పుడు. ఒక కాగితముపై బండి వెలను వ్రాసి, దాని క్రింద ఆ వెలలో సగమును మొదటి యేటి మరమ్మతులకని వ్రాసి, షెడ్డునకు, బీమాకు, పానాలకు వేరు పంక్తులు వేయుడు. ఆ మొత్తము బిడ్డ సొమ్ము తాకకుండ, అప్పు చేయకుండ ఎన్నటికి కూడునో ఆయనచేతనే లెక్క కట్టింపుడు. మూడేండ్లు పట్టునన్నచో మూడేండ్లాగుట మంచిది. ఆ కాలము వ్యర్థము కాదు; యంత్రమును చదువుకొనుటకు, బాగుగ ఎఱిగినవారితో కలిసి నాలుగు బండ్లు చూచుటకు చాలును.

మఱియొకటి. ముగ్గురున్న యింటికి ఇద్దరు కూర్చుండు బండి యేల? ఎవరో ఒకరు గడపలో నిలిచి చేయి యూపవలసినదే. ఆ నిలుచునది ఎవరో మనకు తెలియును. అంతటి మక్కువ కలదేని పెదతల్లి కూతురైన హెరాల్డును చూడుమనుడు. అదే చట్రము, అదే మూత, అదే నూనె వాసన. వెనుక పిల్లకును చోటుండును. 1968 తరువాతి హెరాల్డులో నాలుగు తలుపులును కలవు. ఆ మార్పు మన దేశమునకే ప్రత్యేకమైనది. మగవారొక్కరే చూచుకొందురని వదలక, నూనె మట్టమును చూచుట, బ్యాటరీ విప్పుట మీరును నేర్చుకొనుడు. నేర్చినదానిలో వాటా యుండును. వాటా యున్నచోట విసుగు తక్కువ.

మా ఉట్నూరు సమీపమున, ఇంద్రవెల్లి మండలపు కేస్లాపూరులో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగును. మెస్రం వంశపు గోండులు కాలినడకన పోయి గోదావరీజలమును తెత్తురు. ఆ వంశపు కుటుంబములు ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చును. మోటార్లు లేక కాదు. జాతరకు బండి బయలుదేరవలెనన్నచో ఇరుసునకు కందెన వేయు చేయియు, సడలిన ఆకును బిగించు వడ్రంగియు, ఎడ్లకు మేత వేయు ఇల్లాలును ఏడాది పొడవునను ఉండవలెను. వారికి ఆ పని బరువని తోచదు. అది ఇంటి పనులలో నొకటి. మీ యింటను పాత బండి పని అట్లు ఇంటి పనులలో నొకటిగ ఇముడునా? ఇమిడినచో సంతోషముగ కొనుడు.

ఇట్టి బండి యింటనున్న సోదరీమణులు, ఏడాదికైన ఖర్చును, తాము నేర్చిన మెలకువలను వ్రాసి పంపినచో, వచ్చు మాసముల సంచికలలో తప్పక చేర్చెదను.