బియ్యపుడబ్బాలో సీసా

పూటపూటకు లెక్కపెట్టి మ్రింగవలసిన మాత్రలు పోయి, టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఏకముగా కూర్చిన హెచ్.ఐ.వి. బిళ్ళ యొక్కటి నేడు మన ఏ.ఆర్.టి. కేంద్రములలో ఉచితముగా లభించుచున్నది; 2004 ఏప్రిల్ 1న ఈ ఉచిత చికిత్స ఆరంభమైననాటి కష్టముల నెరిగినవారి కిది అల్పవిషయము గాదు. అయినను (సౌకర్యము పెరిగినకొలది జాగరూకత తరుగుట మానవస్వభావము కాబోలు) ఆ బిళ్ళను తక్కిన మందులతో గుప్పిట బట్టి ఒక్క గుక్కలో మ్రింగుట క్షేమము గాదు. కడుపుమంటకు త్రాగెడి తెల్లని మందులోని అల్యూమినియము, మెగ్నీషియము డోలుటెగ్రావిరును ప్రేగులలోనే బంధించి రక్తమున కందనీయవు గనుక, బిళ్ళ వేసుకొన్న 2 గంటల పిమ్మట గాని దానిని త్రాగరాదు, ముందే త్రాగినచో 6 గంటలు గడవక బిళ్ళను ముట్టరాదు; క్షయకు రిఫాంపిసిన్ వాడువారికైతే 12 గంటల యెడముతో మరి 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ అవసరమగును; హెపటైటిస్-బి కూడ నున్నవారు చెప్పాపెట్టక మందు మానిరా, అణగియున్న ఆ కాలేయవ్యాధి విజృంభింపవచ్చును. ఇవన్నియు వైద్యున కెరుకయే. ఎరుగనిది, ఇంటివారికి తెలియకుండ చీటీ గీకివేసి బియ్యపుడబ్బాలో దాచిన ఈ బిళ్ళల సీసా సంగతి. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ వ్రాయు వైద్యునికి ఆ సీసా కనబడదు. కనబడిన గదా, డోలుటెగ్రావిరుతో కలియు మెట్‌ఫార్మిన్ మోతాదు సరిచూచుట! దాచుకొన్నవారిని నేను తప్పుపట్టను; దాచుకొనునట్లు చేసిన మన చూపులదే దోషము. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము రోగి రహస్యమునకు రక్షణ కల్పించినది. కావున క్రొత్తమందు వ్రాయించుకొనునపుడు ఆ సీసా సంగతి కూడ వైద్యుని చెవిని వేయుడు.