గృహిణులకు యంత్రపరిచయము: చేతిబ్రేకు



పరుగిడు బండికంటె నిలిచియున్న బండి నిరపాయకరమని లోకము తలంచును. వాలునేలపై నిది నిజము కాదు. పరుగిడు బండికి నడుపువాడు కలడు. నిలిచిన బండికి చేతిబ్రేకే కాపరి. కావున నీ మాసమున దానిని గూర్చి వ్రాయ నెంచితిమి.

మోటారుకారునందు బ్రేకులు రెండు విధములు. కాలిబ్రేకు త్రొక్కినపుడు గొట్టములలోని ద్రవము ఆ యొత్తిడిని నాలుగు చక్రములకును గొంపోవును. చేతిబ్రేకునకు సాధారణముగా ద్రవముతో పనిలేదు. ముందుసీట్ల నడుమనున్న పిడిని పైకి లాగగా ఉక్కుతీగ బిగియును. అది వెనుకచక్రముల డ్రమ్ములలో నున్న చంద్రవంకవంటి షూలను ఎడముచేసి, డ్రమ్ముగోడల కదిమిపట్టును. పిడి యడుగున ఱంపపుపండ్లవంటి పండ్లు గలవు. ఒక కొక్కెము వానిలో పడి, చేయి తీసినను తీగను సడలనీయదు. లాగునపుడు వినవచ్చు కటకటధ్వని దానిదే. పిడికొననున్న బొత్తామును నొక్కినచో కొక్కెము విడివడును. నేటి పెక్కు కార్లలో పిడికి మాఱుగా నొక మీట యుండి, చిన్న విద్యున్మోటారు ఈ పని చేయుచున్నది.

రెండేల? ద్రవము కారిపోయి కాలిబ్రేకు చెడినను, తీగ చెడదు. ఒకదాని చేటు వేఱొకదానికి సోకకుండుటయే యిందలి మర్మము. మన దేశపు 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళియందలి 96వ నియమము సైతము స్వతంత్రములగు రెండు బ్రేకులను విధించినది. పెద్ద లారీలలో, బస్సులలో మఱియొక యుపాయము గలదు: బలమైన స్ప్రింగు ఎల్లపుడు బ్రేకు వేయజూచుచుండ, బిగించిన గాలి దానిని వెనుకకు నెట్టియుంచును. గాలి పోయినచో స్ప్రింగు తానే చక్రమును పట్టును.

దారిలో కాలిబ్రేకు తప్పినచో తొందరపడి పిడిని గుంజరాదు. వెనుకచక్రములు బిగిసి బండి గిఱ్ఱున తిరుగును. పెడలును మాటిమాటికి త్రొక్కుచు, గేరు తగ్గించి, బొత్తాము నొక్కిపట్టి పిడిని మెల్లమెల్లగా లాగవలయును.

వాలున నిలుపునపుడు చేతిబ్రేకు వేసి, ఇంజను ఆపి, బండిముఖము ఎగువకున్నచో మొదటి గేరు, దిగువకున్నచో రివర్సు గేరు వేయవలయును. చక్రము క్రింద ఱాయి పెట్టుట మన యెడ్లబండివారికిని తెలిసిన జాగ్రత్తయే. మోటారుబండికిని అది తగినదే. పిడి మునుపటికంటె మిక్కిలి పైకి వచ్చుచున్నచో తీగ సాగినదనియో, షూలు అరిగినవనియో గ్రహించి మెకానికునకు చూపవలయును.

ముఖ్యముగా తల్లులకు మా మనవి: "ఇప్పుడే వత్తు"నని పిల్లలను బండిలో నొంటరిగా విడిచి దిగరాదు. ఆ కొక్కెమును విడిపించుటకు పసివాని బొటనవ్రేలు చాలును. బండి నడుపుట రాదని మనలో పలువురు ఈ సంగతులను పురుషులకే వదలుదురు. నడుపకున్నను, దిగుటకు ముందు "చేతిబ్రేకు వేసితిరా?" యని యడుగుటకు సంకోచమేల? ఆ ప్రశ్నకు లైసెన్సు అక్కఱలేదు.