బండి మీది తిండికి ఏసీ గది

పోలండ్ నుంచి వలస వచ్చిన నేథన్ హ్యాండ్‌వెర్కర్ 1916లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో హాట్‌డాగ్ బడ్డీ పెట్టాడు. పక్కవాళ్లు పది సెంట్లకు అమ్ముతుంటే ఆయన ఐదుకే ఇచ్చాడు. అమెరికా వీధి తిండి ఎదిగింది అలాగే, కష్టజీవి నిలబడి తినే చవక తిండిగా. 2008లో లాస్ ఏంజెలెస్‌లో కోగి అనే తిండి ట్రక్కు కొరియా మాంసాన్ని మెక్సికో టాకోలో చుట్టి అమ్మింది. అదీ రోడ్డు మీదే.

ఆ హాట్‌డాగ్, ఆ టాకో ఇప్పుడు మన నగరాల్లో ఏసీ కేఫ్‌లకు చేరాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె కుర్రకారు వాటిని ఇష్టపడితే తప్పేమీ లేదు. కొత్త రుచి ఎవరికి చేదు?

బాధ మరోచోట ఉంది. ఆ కేఫ్‌లో శుభ్రమైన బల్ల, మంచినీళ్లు, వెలుతురు, మర్యాద దొరుకుతాయి. సందు చివర పునుగులు, మిరపకాయ బజ్జీలు వేసే అమ్మకు మాత్రం బండి నిలుపుకునే చోటుకే దిక్కులేదు. అలాగని మన ఊళ్లకు లోటేమీ లేదు: మినపగుళ్ల మిల్లులకు తెనాలి పేరుపొందింది, బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, దాని దగ్గరి సూర్యలంక సముద్ర తీరానికి జనం వస్తూనే ఉంటారు. సరుకుకు, చదువుకు, గిరాకీకి కొదవలేదు.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి అమ్మకాల వ్యవహారాలు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. మున్సిపాలిటీలు ఆ కమిటీలను క్రమం తప్పకుండా కూర్చోబెట్టాలి. బండ్లకు గీత గీసిన చోటు, కుళాయి, చెత్తబుట్ట, వీధి దీపం ముందు ఇవ్వాలి.