రైల్వే లెక్కల్లో కనిపించని బాకీ

"ప్రభుత్వ ఖాతాల సంస్కరణ" అనే టాపిక్‌ను మనలో చాలామంది చివరికి వదిలేస్తాం. అది కామర్స్ వాళ్ల గొడవ, మనకెందుకు అనుకుంటాం. నేనూ అలాగే వదిలేశాను. మా ఝపటాపూర్‌లో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న నన్ను మళ్లీ ఆ పేజీ దగ్గరికి తీసుకొచ్చింది.

ఝపటాపూర్ అంటే పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణంలో ఒక పేట. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా ఉన్నాయి. వర్క్‌షాప్‌లోనో యార్డులోనో పనిచేసి రిటైరైన వాళ్లు ఏ వీధికి వెళ్లినా కనిపిస్తారు. నవంబరు వచ్చిందంటే వాళ్ల లైఫ్ సర్టిఫికెట్ల పని మాలాంటి చదువుకునే పిల్లల మీద పడుతుంది. అలా ఒక తాతగారికి సర్టిఫికెట్ పంపిస్తూ, రైల్వే ఆర్థిక పరిస్థితి గురించి కాగ్ నివేదికలో చదివింది చెప్పాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగారు: "అసలు లెక్క రాసేస్తే మా పింఛనుకి ఎసరు పెడతారేమో కదా బాబూ?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

నగదు పద్ధతి ఏం దాస్తుంది?

మన కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఖాతాలు ప్రధానంగా నగదు పద్ధతిలో నడుస్తాయి. డబ్బు చేతికి వచ్చిన రోజున ఆదాయం, చేయి దాటిన రోజున ఖర్చు. అక్రూవల్ పద్ధతిలో అలా కాదు. హక్కు ఏర్పడిన రోజునే ఆదాయం, బాకీ ఏర్పడిన రోజునే ఖర్చు రాయాలి. కిరాణా కొట్టులో నెలంతా ఖాతా మీద సరుకులు తెచ్చుకుని, ఇంకా డబ్బు కట్టలేదు కాబట్టి ఈ నెల ఖర్చే లేదని చెబితే ఇంట్లో ఎవరూ నమ్మరు. నగదు పద్ధతి మాత్రం నమ్ముతుంది.

రైల్వేల ఆరోగ్యాన్ని కొలవడానికి ఆపరేటింగ్ రేషియో వాడతారు. వంద రూపాయలు సంపాదించడానికి ఎన్ని రూపాయలు ఖర్చయ్యాయో అది చెబుతుంది. ఈ రెండు సంవత్సరాలను నోట్స్‌లో రాసుకోండి.

మొదటిది 2017-18. రైల్వే చూపిన రేషియో 98.44 శాతం, మిగులు రూ.1,665.61 కోట్లు. కానీ ఆ ఏడాది ఎన్టీపీసీ, ఇర్కాన్ సంస్థల నుంచి అడ్వాన్సులు వచ్చాయి. అవి లేకపోతే రేషియో 102.66 శాతం అయ్యేదనీ, మిగులుకు బదులు రూ.5,676.29 కోట్ల లోటు తేలేదనీ కాగ్ చెప్పింది. చేయాల్సిన పనికి ముందుగా తీసుకున్న డబ్బు అక్రూవల్ పద్ధతిలో బాకీ. నగదు పద్ధతిలో అది ఆదాయంలా కనిపించింది.

రెండవది 2019-20. చూపిన రేషియో 98.36 శాతం. అంటే వందకు రూపాయి అరవై నాలుగు పైసలు మిగిలాయి. పింఛన్లకు నిజంగా అవసరమైన ఖర్చును లెక్కలోకి తీసుకుంటే అది 114.35 శాతం అయ్యేదని కాగ్ తేల్చింది. అంటే వందకు పద్నాలుగు రూపాయలకు పైగా లోటు.

రైల్వేలో తరుగుదల నిధి ఉంది కదా, అది అక్రూవల్ కాదా అని మీరు అడగొచ్చు. పేరు అలాగే ఉంది. అయితే అందులో ఎంత జమ చేయాలన్నది ఆస్తి ఎంత అరిగిందో చూసి కాక, ఆ ఏడాది ఎంత మిగిలేలా ఉందో చూసి నిర్ణయిస్తున్నారన్నది కాగ్ అభ్యంతరం. 2019-20లో జమ చేసింది రూ.400 కోట్లు. ఆ నిధి నుంచి మార్చాల్సిన ఆస్తుల పనులు రూ.95 వేల కోట్లకు పైగా పేరుకుపోయాయి. భద్రతకు సంబంధించిన మార్పిడి పనుల కోసం 2017-18 నుంచి రాష్ట్రీయ రైల్ సంరక్షా కోష్ ఉన్నమాట నిజమే. అయినా అరుగుదలను ఏటికేడు రాయకపోవడమనే లోపం దానితో తీరదు.

సంస్కరణ ఎక్కడిదాకా వచ్చింది?

ఆక్‌వర్త్ కమిటీ సిఫార్సు ఫలితంగా 1924లో రైల్వే ఆర్థిక వ్యవహారాలు సాధారణ బడ్జెట్ నుంచి విడిపోయాయి. 2017-18 నుంచి రెండు బడ్జెట్లూ మళ్లీ కలిశాయి. రైల్వేలు కేంద్రానికి డివిడెండ్ కట్టే పద్ధతి పోయింది. పింఛన్ల భారం మాత్రం రైల్వేల మీదే ఉండిపోయింది.

ఖాతాల వైపు చూస్తే, ప్రభుత్వ లెక్కల ప్రమాణాల కోసం కాగ్ 2002లో గ్యాస్‌బ్ అనే సలహా మండలిని ఏర్పాటు చేసింది. పన్నెండవ ఆర్థిక సంఘం అక్రూవల్ వైపు వెళ్లాలని సిఫార్సు చేసింది. 2015లో బిబేక్ దేబ్‌రాయ్ కమిటీ రైల్వేలకు వాణిజ్య తరహా ఖాతాలు కావాలని చెప్పింది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ సహకారంతో అజ్మీర్‌లో ప్రయోగం కూడా జరిగింది. న్యూజిలాండ్ 1989లో చట్టం చేసి ప్రభుత్వ శాఖలను అక్రూవల్‌లోకి తెచ్చింది. మన దగ్గర ఇప్పటికీ బడ్జెట్ నగదులోనే నడుస్తోంది. బడ్జెట్ ఒక భాషలో, ఖాతా ఇంకో భాషలో ఉంటే ఏ అధికారీ రెండో పుస్తకాన్ని తెరవడు.

తాతగారి భయంలో నిజం ఉంది

ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. పొదుపు పేరుతో ఉద్యోగాల కోత ఖరగ్‌పూర్‌కు కొత్త కాదు. 1927లో వర్క్‌షాప్‌లో కోతలకు వ్యతిరేకంగా ఇక్కడ పెద్ద పోరాటమే జరిగింది. ఆ రోజుల్లో ఈ రైల్వే కార్మికుల పక్షాన నిలిచిన నాయకుల్లో, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఒకరు. "నష్టం" అని లెక్కలో తేలగానే మొదటి కత్తి కూలివాడి మీదే పడుతుందన్నది ఈ ఊరి జ్ఞాపకం.

అయినా నా అభిప్రాయం అసలు లెక్క వైపే. దాచిన నష్టం మాయం కాదు, వేరే దారిలో వస్తుంది. భర్తీ కాని పోస్టుగా, ఆయుష్షు తీరినా మార్చని పట్టాగా వస్తుంది. ఇక పింఛను దయాదానం కాదు, హక్కు అని సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో 1982 డిసెంబరు 17న చెప్పింది. ఆ తేదీనే ఏటా పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. హక్కు అంటే అవతలివాడికి బాకీ. బాకీ అయితే పుస్తకంలో ఉండాలి. పుస్తకంలో పూర్తిగా రాసిన బాకీని ఎగ్గొట్టడం కష్టం. సగమే రాసిన బాకీకి కోత పెట్టడం సులువు.

కాకపోతే ఒక షరతు. సరుకు రవాణాలో వచ్చిన లాభంతో ప్రయాణికుల రైళ్ల నష్టాన్ని పూడుస్తున్నారు. తక్కువ టికెట్‌తో లోకల్ బండి నడపడం ప్రజాసేవ. దాని ఖర్చును విడిగా చూపి, ఆ మేరకు ఖజానా నుంచి రైల్వేకు చెల్లించాలి. అది చేయకుండా అక్రూవల్ మాత్రమే తెస్తే సేవ కూడా నష్టంలా కనిపిస్తుంది. అప్పుడు తాతగారి భయమే నిజమవుతుంది. ఈ రెండూ కలిసి వస్తేనే అది సంస్కరణ.

జవాబులో ఎలా వాడాలి?

గ్రూప్-1 రాసేవాళ్లు దీన్ని రాష్ట్రాలకు కూడా అన్వయించండి. కార్పొరేషన్ల పేరిట బడ్జెట్ బయట తెచ్చే అప్పులు, కాంట్రాక్టర్లకు చెల్లించని బిల్లులు ఇదే లోపం వల్ల కనిపించకుండా ఉంటాయి. రాజ్యాంగం నుంచి 150వ అధికరణం రాయండి: ఖాతాలు ఏ రూపంలో ఉండాలో కాగ్ సలహాపై రాష్ట్రపతి నిర్ణయిస్తారు. పారదర్శకత, జవాబుదారీతనం అనే మాటలతో పేజీ నింపకండి. 98.36, 114.35 అనే రెండు అంకెలు రాసి, మధ్యలో ఉన్న తేడా ఎవరికి బాకీయో ఒక్క వాక్యంలో చెప్పండి.

ఆ వాక్యం రాసేటప్పుడు మీ వీధిలో పింఛను మీద బతికే ఒక మనిషిని గుర్తు తెచ్చుకోండి. రేపు మీరు అధికారి అయ్యాక ఆ లెక్క రాయాల్సిన చేయి మీదే కావచ్చు.

అభ్యాస ప్రశ్న: "అక్రూవల్ పద్ధతి ప్రభుత్వానికి డబ్బు తెచ్చిపెట్టదు, నిజాన్ని మాత్రమే తెచ్చిపెడుతుంది." భారతీయ రైల్వేల ఉదాహరణతో చర్చించండి. (15 మార్కులు, 250 పదాలు)