సర్వీసు లెక్కలేని చెమట

2024-25 లాభాల్లో సింగరేణి బొగ్గు గనుల సంస్థ తన పర్మినెంట్ కార్మికులకు 34 శాతం వాటా ప్రకటించింది. అది రూ.802 కోట్లు, తలా సగటున రూ.1.95 లక్షలు. అదే ప్రకటనలో దాదాపు 30 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు దక్కింది మనిషికి రూ.5,500. వీళ్లకూ ఎంతో కొంత ఇవ్వాలన్న ఆలోచన 2024లోనే మొదలైంది. దాన్ని మెచ్చుకోవాల్సిందే. అయితే ఒకరి వాటా లాభంతోపాటు పెరుగుతుంటే మరొకరికి చేతిలో పెట్టే కానుకే మిగిలింది. కానుకను వాటాగా మార్చాలి. అంతకంటే ముందు కాంట్రాక్టు కార్మికుడి అనుభవాన్ని కంపెనీయే లెక్కగట్టాలి.

భూపాలపల్లి ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు పైనున్న మట్టిని ఎత్తిపోసే పని ఎక్కువగా ప్రైవేటు ఏజెన్సీలదే. కంపెనీ డంపరు, ఏజెన్సీ టిప్పరు ఒకే గనిలో, ఒకే దుమ్ములో తిరుగుతాయి. డంపరు నడిపే మనిషికి సర్వీసు, ప్రమోషను, లాభాల వాటా ఉన్నాయి. టిప్పరు డ్రైవరుకు టెండరు గడువే సర్వీసు. ఏజెన్సీ మారితే ఏళ్ల అనుభవమున్నవాడూ కొత్తవాడి కూలికే మళ్లీ చేరాలి. వర్షాకాలంలో ఏ రోడ్డు జారుతుందో, ఏ బెంచి అంచు నమ్మరానిదో తెలిసిన మనిషి ఆ తెలివిని దాచిపెట్టుకోడు గానీ, దానికి ఖరీదు కట్టే రిజిస్టరు ఎక్కడా లేదు. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. కోల్ ఇండియాలో మాదిరి హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు కావాలన్నది వాళ్ల ప్రధాన డిమాండు.

పోటీ రోజుల్లో కాంట్రాక్టు కార్మికులకు వాటా, సర్వీసు లెక్క ఇవ్వడం భారం కాదా అనేవారున్నారు. పోటీ నిజమే. 2020లో బొగ్గు గనుల వాణిజ్య వేలం తెరుచుకుంది, విదేశీ బొగ్గు రేవుల్లో దిగుతోంది, సింగరేణి ఒడిశాలోని నైనీ దాకా వెళ్లి తవ్వుతోంది. ఇలాంటి గడ్డుకాలాన్ని ఈ సంస్థ ఇంతకుముందూ చూసింది. 1990లలో ఏడాదికి వందల సమ్మెలతో, నష్టాలతో రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు (బీఐఎఫ్ఆర్) గడప తొక్కింది. అప్పుడు యాజమాన్యం గనుల్లో లెక్కలు విప్పి కార్మికులతో మాట్లాడింది. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నిక పెట్టారు. 1999-2000 నుంచి లాభాల్లో 10 శాతం వాటా మొదలైంది. యంత్రాలు, రుణ పునర్వ్యవస్థీకరణ కూడా తోడ్పడ్డాయి. కానీ రోజుకో సమ్మె ఆగింది కార్మికుడికి లెక్క చెప్పి, అతన్ని భాగస్వామిని చేసినందువల్లే. ఆ పాఠాన్ని గనిలో కొందరికే వర్తింపజేసి మిగతావాళ్లను టెండరుకు వదిలేస్తే పొదుపు కనబడుతుంది గానీ నైపుణ్యం నిలవదు. కార్మికుడు వెళ్లిపోయినప్పుడల్లా కొత్తవాడికి నేర్పే ఖర్చు, బ్రేక్‌డౌన్లు, ప్రమాదాలు టెండరు కాగితంలో కనిపించవు.

కాంట్రాక్టు కార్మికుల యజమాని కాంట్రాక్టరేనన్నది ఇంకో వాదన. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టమే చెప్పింది. కాంట్రాక్టు కార్మికుడు తనంతట తానే పర్మినెంట్ అయిపోడని 2001లో సుప్రీంకోర్టు తేల్చిన మాటా నిజమే. అందుకే మేమడుగుతున్నది అందరినీ రాత్రికి రాత్రి పర్మినెంట్ చేయమని కాదు. సర్వీసును, శిక్షణను, ప్రమాదరహిత రికార్డును కార్మికుడి పేరిట కంపెనీయే నమోదు చేయాలి, ఏజెన్సీ మారినా అవి వెంట రావాలి, అనుభవాన్ని బట్టి కూలి పెరగాలి. వీటిని టెండరు షరతుల్లో రాయడానికి ఏ కోర్టూ అడ్డురాదు. టెండరు రేటు కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఐటీఐ చదివిన పిల్లలకు ఇది దూరపు సంగతి కాదు. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఉక్కు కర్మాగారం కల ఎప్పుడు ఫలించినా అక్కడా ముందు వచ్చేది ఏజెన్సీ బోర్డే. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణే దారి చూపకపోతే ప్రైవేటును అడిగే నోరు ప్రభుత్వాలకు ఉండదు. వచ్చే లాభాల ప్రకటనలో కాంట్రాక్టు కార్మికుడి పేరు పక్కన రూపాయల అంకె తీసేసి అతని ఏడాది కూలిలో ఒక శాతాన్ని రాయాలి. భూపాలపల్లి కాకతీయ గనుల్లో మట్టి పనికి పిలిచే తదుపరి టెండరులోనే సర్వీసు రిజిస్టరు షరతు పెట్టాలి.